తిరిగొచ్చే కాగితం

"హిమా, మీ డాడీకి చెప్పు. టాక్సీ కిందకొచ్చింది. వస్తే రమ్మను, లేకపోతే మనం ముగ్గురం వెళ్తాం."

గంగాధర్ అక్కడే ఉన్నాడు. సోఫా అంచున కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. భార్యాభర్తల మధ్య దూరం మూడడుగులు. ఆ మూడడుగులకి తొమ్మిదేళ్ల పిల్లని రాయబారం పంపుతోంది నిఖిల.

హిమజ తండ్రి వైపు తిరిగింది. "డాడీ, మమ్మీ సెడ్..." అని మధ్యలో ఆగి, సింగపూర్ పిల్లల యాసలో విసుక్కుంది. "యూ హర్డ్ ఆల్రెడీ లా."

"విన్నానమ్మా."

కట్టిన తాడునే విప్పి మళ్లీ కట్టాడు గంగాధర్.

పదకొండు రోజుల నుంచి, సింగపూర్ శివార్లలో యూ టీ అనే పేటలోని ఆ ఇంట్లో మాటలన్నీ ఇలాగే చుట్టు తిరిగి వస్తున్నాయి. ఏదో పనిబడి నిఖిల అతని ఆఫీసుకి ఫోన్ చేసింది. "ఆయన ఇక్కడ పనిచెయ్యడం మానేసి మూడు నెలలైంది మేడమ్" అంది అవతలి పిల్ల. అంతే. ఆ ఏడు సింగపూర్లో సాఫ్ట్‌వేర్ వాళ్లని వరసలు వరసలుగా తీసేస్తున్నారు. ఉద్యోగం పోవడం కొత్త వింతేం కాదు. కానీ మూడు నెలలపాటు చొక్కా ఇస్త్రీ చేసుకుని, భార్య చేత డబ్బా సర్దించుకుని, పొద్దున్నే రైలెక్కి ఎక్కడికి వెళ్లాడో... అది నిఖిల అడగలేదు. అతను చెప్పలేదు.

భద్రయ్య వంటింటి గుమ్మంలో నిలబడి కొడుకునీ కోడలినీ చూశాడు. మెల్లిగా మాట్లాడే మనిషి. మాట బయటికొచ్చేలోపు ఎదుటివాళ్లు రెండు మాటలనేసి వెళ్లిపోతారు.

"నిఖిలమ్మా... మానేద్దాం. ఈ పరిస్థితుల్లో నాకు ఊరు చూసే సరదా ఏంటి? ఆ గోడలు అక్కడే ఉంటాయి. రేపైనా ఉంటాయి."

"మానేది లేదు మామయ్యా." నిఖిల సంచిలో నీళ్ల సీసాలు కుక్కుతోంది. "మీరు ఇక్కడికొచ్చిన రెండేళ్లలో నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. నేను ఏజెంటు చుట్టూ తిరిగి ఇండోనేసియా వీసాలు తీయించాను. పాపకి సెలవులు అయిపోతున్నాయి. ఒకళ్లు మాట దాచుకున్నారని అందరం మాట తప్పక్కర్లేదు."

చివరి ముక్క సోఫా మీదికి పోయింది. సోఫా మీద మనిషి లేచి నిలబడ్డాడు.

"నేను రాను" అన్నాడు. పదకొండు రోజుల్లో అతను భార్యతో నేరుగా అన్న మొదటి మాట అది.

నిఖిల జవాబు కూతురికి చెప్పింది. "రాకపోతే మానెయ్యమను. తాతయ్య ముందు కూడా తలెత్తుకోలేకపోతే మానెయ్యమను."

గంగాధర్ తండ్రి వైపు చూశాడు. ఏదో అనబోయాడు. పెదవి కదిలింది కూడా. తరవాత డ్రాయర్ లాగి, తన పాస్‌పోర్టు తీసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పదండి" అన్నాడు.

*

అసలు ఈ ప్రయాణం పెట్టింది భద్రయ్యే. తాపీమేస్త్రీ. నలభై ఏళ్లు సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల గోడలు కట్టాడు. సిమెంటు వచ్చాక అందరూ మర్చిపోయిన డంగు సున్నం పని అతనికి చేతిలో ఉంది. గానుగలో సున్నం తిప్పించడం, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసి నానేయడం, మీది పూతకి గుడ్డుసొన కలపడం. ఆ పని అడిగేవాళ్లు లేక తాపీ పక్కన పెట్టి పదేళ్లయింది.

వాళ్లుండే బ్లాకు కింద ఖాళీ హాల్లో రోజూ చెస్ ఆడే మలయ్ పెద్దాయన ఒకరోజు చెప్పాడు. సముద్రం అవతల పెన్యంగాత్ అని చిన్న దీవి ఉందనీ, రాజులేలిన చోటనీ, అక్కడి పచ్చ మసీదు గోడలు కోడిగుడ్ల తెల్లసొనతో కట్టారని పెద్దలు చెబుతారనీ. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. హిమజ మధ్యలో కూర్చుని చెప్పింది. "తాతా, హీ సెడ్ ఎగ్ వైట్. వాల్ లోపల. ఈ తాత చాలా అబద్ధాలు చెప్తాడు."

"అబద్ధం కాదే" అన్నాడు భద్రయ్య. ఆ రాత్రి అన్నం దగ్గర కొడుకుతో అన్నాడు, "ఒక్కసారి చూడాలని ఉందిరా గంగా. పొద్దున పోయి సాయంత్రం వచ్చెయ్యొచ్చంట."

అప్పుడు గంగాధర్ కంచంలో వేలు కదపడం ఆపాడు. భద్రయ్య అది చూశాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందేమో అనుకున్నాడు.

*

తానా మేరా ఫెర్రీ స్టేషన్లో క్యూలు రెండయ్యాయి. మామగారి కాగితాలు వేరు కాబట్టి నిఖిల ఆయన్ని వెంటబెట్టుకుని ఒక కౌంటర్ దగ్గరికి వెళ్లింది. హిమజ తండ్రి చెయ్యి పట్టుకుని పక్క కౌంటర్లో నిలబడింది.

భద్రయ్యది తొందరగానే అయిపోయింది. దాటి అవతల నిలబడి వెనక్కి చూశాడు.

గంగాధర్ దగ్గర ఆఫీసర్ పేజీలు తిప్పుతున్నాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. తల ఎత్తి ఏదో అడిగాడు. గంగాధర్ తలూపాడు. ఆఫీసర్ కుర్చీలో ముందుకి జరిగి మళ్లీ అడిగాడు, ఈసారి ఒక్కో మాటా విడదీసి, చెవిటివాడితో మాట్లాడినట్టు. గంగాధర్ మళ్లీ తలూపాడు. ఆఫీసర్ ఒక్క క్షణం అలా చూసి ముద్ర వేశాడు.

"ఏంట్రా అంతసేపు?"

"ఏం లేదు నాన్నా. ఫొటోలో ఉన్నట్టు లేనంటున్నాడు."

"నిజమేలే. చిక్కిపోయావు."

ఫెర్రీలో నిఖిల కిటికీ పక్కన కూర్చుంది. గంగాధర్ రెండు వరసలు వెనక. భద్రయ్య ఎటు వెళ్లాలో తెలీక మధ్య వరసలో కూర్చున్నాడు. రెండు గంటల ప్రయాణంలో ముందునుంచి ఒక మాట, వెనకనుంచి ఒక మాట వినబడతాయేమోనని చెవులు రిక్కించాడు. ఇంజను హోరు తప్ప ఏమీ లేదు.

*

తాంజుంగ్ పినాంగ్‌లో దిగి, పడపడమని కొట్టుకునే చెక్క పడవెక్కి, పావుగంటలో దీవికి చేరారు. రేవు నుంచే కనబడింది మసీదు. పసుప్పచ్చ గోడలు, ఆకుపచ్చ గుమ్మటాలు.

భద్రయ్య చెప్పులు విప్పి ప్రహరీ దగ్గరికి నడిచాడు. ముందు అరచెయ్యి ఆనించాడు. తరవాత వేలి కణుపుతో టకటక కొట్టి చెవి పెట్టాడు. ఒక మూల రంగు పెచ్చు లేచి లోపలి పూత కనబడుతోంది. అక్కడ వేలు రాసి, ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఈఈ! తాతా! డర్టీ లా!" హిమజ గంతేసింది.

"ఉండవే. సున్నం సంగతి నాలికే చెప్పాలి."

"ఏం చెప్పింది నాన్నా?" వెనకనుంచి గంగాధర్ అడిగాడు. చాలా రోజులకి అతని మొహం మీద నవ్వులాంటిది కదిలింది. "హిమా, మా చిన్నప్పుడు కూడా తాత ఇంతే. ఎవరింటికి పెళ్లికెళ్లినా ముందు వాళ్ల గోడ నాకేవాడు. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది."

నిఖిల అటు తిరిగి నిలబడింది. కానీ ఆమె భుజం కదిలింది. నవ్వు ఆపుకుంటోందని భద్రయ్యకి తెలిసిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు. గుడ్డుసొన గోడలో ఉందో లేదో తేలకపోయినా, వచ్చిన పని కొంచెం అయింది.

మూడు చక్రాల మోటారు బండి మాట్లాడుకుని దీవి చుట్టూ తిరిగారు. సముద్రంలోకి కాళ్లు చాపుకున్న చెక్క ఇళ్లు, తీగల మీద బట్టలు, తట్టల్లో ఎండుతున్న చిన్న చేపలు. ఒక ఇంటి అరుగు మీద ముసలమ్మ హిమజ బుగ్గ గిల్లి అరటికాయ బజ్జీ చేతిలో పెట్టింది. పసుపు గుడ్డలు చుట్టిన రాజుల సమాధులు చూశారు. అవి దాటితే పాడుబడ్డ రాజమహలు. పైకప్పు ఎప్పుడో పోయింది. గోడలు మిగిలాయి. కిటికీల్లోంచి చెట్ల వేళ్లు లోపలికి దిగి, గచ్చుని రెండుగా చీల్చి, నేలలోకి పోయాయి.

నిఖిల బండివాణ్ణి అడిగి తిరుగు ఫెర్రీ వేళ కనుక్కోవడానికి గోడ అవతలికి వెళ్లింది. గంగాధర్ వెనక గదిలోకి, అంటే ఒకప్పటి గదిలోకి, వెళ్లి ఒక్కడే నిలబడ్డాడు. మెట్ల మీద తాత, మనవరాలు మిగిలారు.

"తాతా, డాడీ ఇక్కడే ఉండిపోతాడా?"

"ఇక్కడెందుకుంటాడే? పిచ్చిపిల్లా."

హిమజ బజ్జీ నూనె గౌనుకి తుడుచుకుంది. "మార్నింగ్ ఆఫీసర్ అంకుల్ చెప్పాడు. 'నీ పర్మిట్ ఎక్స్‌పైర్డ్. ఇప్పుడు బయటికెళితే మళ్లీ పీఆర్‌గా లోపలికి రాలేవు, యూ నో ఆర్ నాట్?' అన్నాడు. డాడీ ఐ నో అన్నాడు. అంకుల్ మళ్లీ 'ఆర్ యూ ష్యూర్?' అన్నాడు. డాడీ ష్యూర్ అన్నాడు."

"మీ అమ్మకి చెప్పావా?"

"డాడీ చెప్పొద్దన్నాడు. నీకు చెప్పొద్దని అనలేదు."

ఆ ఇంగ్లీషు మాటలు భద్రయ్యకి సగమే తెలిశాయి. "రాలేవు" అన్నది మాత్రం పూర్తిగా తెలిసింది. మోకాళ్లు పట్టుకుని లేచాడు. మనవరాలిని మెట్ల మీదే కూర్చోమని, వేళ్లు దాటుకుంటూ వెనక గదిలోకి నడిచాడు.

"ఒరేయ్ గంగా."

"ఆ నాన్నా."

"పొద్దున ఆ ఆఫీసర్ నిన్ను ఏమడిగాడు?"

గంగాధర్ కిటికీ వైపే చూస్తున్నాడు. అవతల సముద్రం, అంతకంటే అవతల వాళ్లొచ్చిన దిక్కు.

"హిమ చెప్పిందా?"

"అడిగిన దానికి చెప్పు."

కిటికీ అంచు పట్టుకుని చెప్పాడు. "మన నీలం పీఆర్ కార్డు ఒక్కటే చాలదు నాన్నా. సింగపూర్ దాటి మళ్లీ లోపలికి రావాలంటే పాస్‌పోర్టులో ఇంకో కాగితం ఉండాలి. తిరిగొచ్చే కాగితం. గడువు అయిపోతే మళ్లీ అడగాలి. అడిగితే ఉద్యోగం చూపించమంటారు. నాది పోయిన నెల్లో అయిపోయింది. నిఖిల తన తమ్ముడి పెళ్లికి వెళ్లినప్పుడు తనకీ పాపకీ కొత్తవి తీసుకుంది. నేను ప్రాజెక్టని ఆగిపోయాను."

"కాగితం లేకపోతే?"

"లోపలే ఉంటే ఎవరూ ఏమీ అనరు. గడప దాటితే పోతుంది. పీఆర్, అంటే అక్కడ పర్మనెంటుగా ఉండే హక్కు పోతుంది."

"మరి ఎందుకు దాటావురా?" భద్రయ్య గొంతు పెరగలేదు. పెరిగే గొంతు కాదది. "కడుపునొప్పని పడుకోలేకపోయావా? రానని చెప్పావుగా, ఆ మాట మీద నిలబడలేకపోయావా? ఈ పాడు గోడలు చూడకపోతే నేను చచ్చిపోతానా?"

"మీ కోసం కాదు నాన్నా."

"మరి?"

"చెప్పలేక." గంగాధర్ గోడకి ఆనుకున్నాడు. "మూడు నెలలు రోజూ రాత్రి చెబుదామనుకున్నాను. అన్నం తిన్నాక చెబుదాం, పాప పడుకున్నాక చెబుదాం. నోరు రాలేదు. ఇది కూడా అంతే. పొద్దున నిఖిల అలా అన్నాక అనిపించింది... వెళ్లిపోతే సరి. సాయంత్రం వచ్చేటప్పుడు ఆ కౌంటర్లో కూర్చున్నవాడే అన్నీ చెప్తాడు. నేను చెప్పక్కర్లేదు."

భద్రయ్య చెయ్యి లేచింది. నలభై ఏళ్లు ఇటుకలెత్తిన చెయ్యి. గాల్లోనే ఆగింది, మెల్లిగా దిగింది.

"నా దగ్గర ఒకడు పనిచేసేవాడు. గోడ లోపల బోలుగా ఉందని తెలిసీ పైన మెరుగు సున్నం పూసేవాడు. అద్దంలా పూసేవాడు. నాకది తెలిసిన పూటే పనిలోంచి పంపించేశాను." గోడ మీద అరచెయ్యి ఆనించి అన్నాడు. "కొడుకుని ఎక్కడికి పంపించను?"

అలికిడైంది.

గోడకి పడిన నిలువెత్తు గండిలో నిఖిల నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఎంత విందో మొహం చూస్తే తెలుస్తోంది. అరుస్తుందనుకున్నాడు భద్రయ్య. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె గచ్చు చీలిన చోట అడుగు చూసి వేస్తూ లోపలికొచ్చి, భర్త ఎదురుగా ఆగింది.

"మామయ్యగారు సింగపూర్లో ఉండే పాస్‌కి స్పాన్సర్ ఎవరు?"

హిమజ ద్వారా కాదు. నేరుగా అడిగింది.

"నేనే" అన్నాడు గంగాధర్.

"మీ పీఆర్ పోతే?"

అతను తండ్రి వైపు చూశాడు.

"అంటే గడప దాటింది మీరొక్కరే కాదు." నిఖిల సంచి భుజం మార్చుకుంది. "ఆయన్ని కూడా దాటించారు. ఎగ్ వైట్ గోడ చూద్దామని వచ్చిన మనిషిని."

"నిఖిలమ్మా, నా సంగతొదిలెయ్. నేనెక్కడైనా..."

"మీరు ఉండండి మామయ్యా." ఆమె మాట కరుగ్గా లేదు, అలిసిపోయి ఉంది. "ఫెర్రీకి గంటే ఉంది. పడవ దాటాలి. పదండి."

"నిఖిలా, ఒక్క నిమిషం" అన్నాడు గంగాధర్.

"పదకొండు రోజులు మీ కోసమే ఎదురు చూశాను. ఒక్క నిమిషం అడుగుతారని. ఇప్పుడు ఫెర్రీ పోతుంది."

*

తిరుగు ప్రయాణంలో నిఖిల రెండు వరసల ముందు కూర్చోలేదు. భర్త పక్కనే కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదుటి సీటు వెనక అంటించిన లైఫ్ జాకెట్ బొమ్మలు చూస్తూ. పొద్దున దూరంగా కూర్చున్నప్పుడు భద్రయ్యకి బాధేసింది. ఇప్పుడు పక్కన కూర్చుంటే భయమేసింది.

హిమజ నిద్రపోయింది. తాత చొక్కా పట్టుకునే నిద్రపోయింది.

"తాతా, నేను చెప్పడం తప్పా?" అని నిద్రపోయేముందు ఒకసారి అడిగింది.

"కాదమ్మా. నువ్వొక్కదానివే చెప్పావు."

తానా మేరాలో దిగేసరికి దీపాలు వెలిగించారు. నిఖిల, హిమజ ముందు దాటారు. వాళ్ల పాస్‌పోర్టులు ఇట్టే తెరిచి ఇట్టే మూశారు. గంగాధర్ది మూయలేదు. కౌంటర్లో పిల్ల ఫోనెత్తి ఏదో చెప్పింది. కళ్లజోడు పెట్టుకున్న ఆఫీసర్ ఒకాయన వచ్చి, ఎంతో మర్యాదగా, అద్దాల గదిలోకి చూపించాడు. వెనకాలే ఉన్న భద్రయ్య కాగితాలు చూసి, ఆయన్నీ అదే గదిలోకి రమ్మన్నాడు.

రెండు కుర్చీలు. తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. అద్దంలోంచి అవతల నిఖిల కనబడుతోంది. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని, బయటికెళ్లే బోర్డు కింద నిలబడి ఉంది. పది అడుగులేస్తే టాక్సీలు. హిమజ వెనక్కి లాగుతోంది. నిఖిల కదలట్లేదు. ముందుకీ లేదు, వెనక్కీ లేదు.

"వెళ్లిపోతుందేమో నాన్నా" అన్నాడు గంగాధర్.

"వెళ్లిపోతే ఏం చేస్తావు?"

గంగాధర్ వంగి బూటు తాడు విప్పి మళ్లీ కట్టాడు.

కళ్లజోడు ఆఫీసర్ బయటికెళ్లి నిఖిలతో మాట్లాడాడు. ఆమె వింది. కూతుర్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయన వెంట గదిలోకి వచ్చింది.

ఆఫీసర్ ఇంగ్లీషులో నెమ్మదిగా వివరించాడు. ఆయన వయసులో పెద్దవాడు. ఇలాంటివి చాలా చూసినవాడిలా ఉన్నాడు. నిఖిల మామగారి కోసం తెలుగులో చెప్పింది, ఎక్కడా ఆగకుండా, వార్తలు చదివినట్టు.

"ఇప్పుడు ఈయన పీఆర్ కాదట. ఈ రాత్రి లోపలికి రావాలంటే విజిటర్‌గా రావాలి, రెండు వారాలకి. దానికి ఇక్కడి మనిషి ఎవరైనా పూచీ ఉండాలి. మీకూ అంతే మామయ్యా. మీ కాగితం మీద నేను వెంటనే సంతకం పెడతాను. ఎక్కడ పెట్టాలి?"

ఆఫీసర్ వైపు తిరిగి, ఆయన చూపించిన చోట సంతకం చేసింది. భద్రయ్య కళ్లు తుడుచుకున్నాడు.

రెండో కాగితం ఆమె ముందుకి వచ్చింది. అందులో ఖాళీలన్నీ నింపి ఉన్నాయి. భర్త పేరు, పాస్‌పోర్టు నంబరు, ఈమెకి అతనేమవుతాడో. కింద గీత మాత్రం ఖాళీగా ఉంది.

నిఖిల పెన్ను ఆ గీత మీద పెట్టలేదు.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగింది. "ఉద్యోగం పోయిందని ఫోన్లో ఎవరో పిల్ల చెప్పింది. పర్మిట్ పోయిందని పాప తాతయ్యకి చెబితే నాకు తెలిసింది. ఇంకా నాకు వేరేవాళ్లు చెప్పాల్సింది ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. సంతకం పెట్టాక వింటే నేను తట్టుకోలేను."

గంగాధర్ నేల చూశాడు. లేదంటాడనుకున్నాడు భద్రయ్య. అనమని లోపల్లోపల కొడుకుని బతిమాలుకున్నాడు కూడా. అంతలోనే, ఇంకో అబద్ధం ఆడమని కోరుతున్నానని సిగ్గుపడ్డాడు.

"ఉంది" అన్నాడు గంగాధర్.

అద్దం అవతల హిమజ బెంచీ దిగి, మొహం అద్దానికి ఆనించి లోపలికి చూస్తోంది.

"వాళ్లు నన్ను తియ్యలేదు నిఖిలా. మా ఫ్లోర్లో అందర్నీ తీసేశారు, నన్ను ఉంచారు. ఆ ఖాళీ కుర్చీల మధ్య కూర్చోలేక నేనే రాజీనామా ఇచ్చి వచ్చేశాను."

ఆఫీసర్‌కి తెలుగు రాదు. ఆయన గడియారం చూసుకుని, కాగితం ఇంకొంచెం ముందుకి జరిపి, ఖాళీ గీత మీద వేలు పెట్టాడు.

"హియర్, మేడమ్."